లక్నవరం వెళ్లొస్తే నాకు ఇంకో సెలవు కావాలి

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె రాసింది కుదించి చెబుతాను.

ఆమెకు 41 ఏళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. బాబు ఇంటర్ మొదటి సంవత్సరం, పాప నాలుగో తరగతి. ఇంటర్లో ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటోంది. మధ్యలో కరోనా ఏడాది తప్ప, 9 ఏళ్లుగా రెండు కుటుంబాలూ డిసెంబర్ చివరి వారంలో మూడు రోజులు ఏదో ఒక నీటి ఒడ్డున గడుపుతున్నాయి. మొదట్లో పాఖాల, తర్వాత రామప్ప, ఒకసారి అలెప్పీ దాకా వెళ్లి హౌస్‌బోటు, గత నాలుగేళ్లుగా లక్నవరం. చూడాల్సినవాటి లిస్టు ఉండదు, ఎప్పుడు లేస్తే అప్పుడే టిఫిన్. ఏ పనీ లేకుండా కూర్చోవడానికే వెళ్లేది. ఆమె పాప ఆ స్నేహితురాలిని 'పిన్ని' అని పిలుస్తుంది.

అయితే ఏ పనీ లేకుండా కూర్చునేవాళ్లలో తాను లేనని ఆమె బాధ. నవంబర్ నుంచే రూములు, బండి, ఎవరికి పెరుగన్నం, ఎవరికి చపాతీ అన్నీ తనే చూసుకుంటుంది. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు అక్కడి హోటల్లోనే. టిఫిన్లు, టీలు, పిల్లల చిరుతిళ్లు మాత్రం ఆమె పట్టుకెళ్లే రైస్ కుక్కర్, కెటిల్, సకినాల డబ్బాల మీదే నడుస్తాయి. "మా ఫ్రెండ్ వేలాడే వంతెన మీద ఫొటోలు దిగుతుంటే నేను వాష్‌బేసిన్‌లో గిన్నెలు కడుగుతున్నాను" అని రాశారు. వెళ్లొచ్చాక లెక్కలు కూడా ఆమెవే. పోయినసారి స్నేహితురాలి వాటాగా రావాల్సిన 6,400 రూపాయలు ఇంకా రాలేదు, ఈమె అడగలేదు. రెండేళ్లుగా వాళ్లాయన వ్యాపారం అంతంతమాత్రంగా ఉందట.

పోయిన డిసెంబర్‌లో రెండో రోజు సాయంత్రం, రెండేసి బీర్లు తాగిన మగవాళ్లిద్దరూ పిల్లల్ని బోటు ఎక్కించారు. మధ్యలో పిల్లలు దురద పెడుతోందని లైఫ్ జాకెట్లు తీసేశారు. బోటు నడిపే అబ్బాయి వద్దన్నా, స్నేహితురాలి భర్త "పర్లేదు, మేమున్నాం కదా" అన్నాడు. ఒడ్డు నుంచి చూసిన ఈమె, వాళ్లు దిగీదిగగానే "మీకు బుద్ధుందా అన్నయ్యా? అసలు బాధ్యతంటే మీకు ఎప్పుడు తెలిసింది గనక!" అని అందరి ముందూ అరిచేసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడుకోలేదు. మర్నాడు ఆయన నవ్వుతూ, "చెల్లెమ్మ ఉంటే సెలవుల్లో కూడా హాస్టల్లో ఉన్నట్టే" అన్నాడు. అప్పటి నుంచి స్నేహితురాళ్లిద్దరి మధ్యా పండగ శుభాకాంక్షలు తప్ప మాటల్లేవు. గత వారం ఉన్నట్టుండి మెసేజ్ వచ్చింది: "ఈసారి కూడా లక్నవరమేనా? రూములు చూశావా?"

"వెళ్తే నేను మళ్లీ పనిమనిషినే. మానేస్తే 25 ఏళ్ల స్నేహం పోతుందేమో. ఏం చేయమంటారు?" ఇదీ ఆమె ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బోటు సంగతి పది పన్నెండు లైన్లలో ముగించారు. ఫ్లాస్కు, తడి తువాళ్లు, గిన్నెల సంగతి రెండు పేజీలు రాశారు. మిమ్మల్ని ఎక్కువగా నలుపుతున్నదేమిటో అక్కడే తెలుస్తోంది. అయినా ముందు నీళ్ల సంగతే మాట్లాడతాను. మిగతా వాటిలో ఇలాగైనా చేయొచ్చు, అలాగైనా చేయొచ్చు. ఇందులో అలా కుదరదు.

మీ భయంలో తప్పు లేదు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటులో మీ పక్కనే ఉన్న కడిపికొండ వాళ్లూ ఉన్నారు. ఆ వారం మీ ఊరు ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. చెరువే కదా, నది కాదు కదా అంటారు కొందరు. లక్నవరం, రామప్ప, పాఖాల మూడూ కాకతీయుల కాలంలో గుట్టల మధ్య కట్టలు వేసి ఆపిన నీళ్లు. అడుగున ఉన్నది పాత గుట్టల వాలు, లోయలే కాబట్టి లోతు ఒక్కలా ఉండదు. పైగా మునిగే పిల్లలు సినిమాల్లోలాగా చేతులు ఊపుతూ అరవరు. చాలాసార్లు చప్పుడే ఉండదు. పక్కనే ఉన్న పెద్దవాళ్లు కూడా ఆడుకుంటున్నారనే అనుకుంటారు.

కాబట్టి వెళ్లినా, ఇంకెవరితో వెళ్లినా, జాకెట్ ఒడ్డు మీద కాలు పెట్టేదాకా ఒంటి మీదే ఉండాలి. పిల్లల సైజుదే వేయాలి. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే అది వదులు, నీళ్లలో తల మీంచి జారిపోతుంది. దురదంటారా, లోపల కాటన్ టీషర్టు వేస్తే చాలావరకు తగ్గుతుంది. మందు తాగినవాళ్లు ఆ పూట పిల్లలతో బోటెక్కకూడదు. పిల్లలు ఒడ్డున ఆడుతున్నా ఎవరో ఒక పెద్దమనిషి ఫోను జేబులో పెట్టుకుని అరగంట చొప్పున వంతులవారీగా చూస్తుండాలి. నలుగురూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదన్నట్టే. ఇందులో ఏ ఒక్కటి వాళ్లు ఒప్పుకోకపోయినా వెళ్లకండి. దానికి మీరు బాధపడక్కర్లేదు.

ఇప్పుడు మీరు అరిచిన మాటలు చూద్దాం. రెండే వాక్యాలు. మొదటిది జాకెట్ల గురించి. రెండోది, "బాధ్యతంటే మీకు ఎప్పుడు తెలిసింది గనక" అన్నది, 9 ఏళ్ల గిన్నెల గురించి. మీ స్నేహితురాలికి తగిలింది ఆ రెండోదే అయి ఉంటుంది. మొదటి మాటకు ఏ తల్లయినా మిమ్మల్ని తప్పుపట్టదు, వాళ్ల పిల్లలూ అదే బోటులో ఉన్నారు కదా.

ఇంకో సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చదవండి. ఆ బోటులో మీ ఆయన కూడా ఉన్నారు. ఆయనా రెండు బీర్లు తాగారు. జాకెట్లు తీస్తుంటే ఆయనా చూస్తూ ఊరుకున్నారు. మీ నాలుగు పేజీల్లో ఆయన మూడుచోట్ల కనిపించారు: కారు నడిపారు, బోటెక్కారు, మీరు ఏడుస్తుంటే "పోనీలే" అన్నారు. అరుపులు మాత్రం స్నేహితురాలి భర్త ఒక్కడే తిన్నాడు. మన ఇళ్లలో ఇది మామూలే. కట్టుకున్నవాణ్ని నలుగురిలో అంటే ఇంటి పరువు పోతుంది. అన్నయ్యా అని పిలిచే మనిషి మీదైతే కేకలేసే చనువు ఉంటుంది. చనువు ఉన్నచోటే కోపమంతా దించుకుంటాం. పని విషయంలోనూ అంతే. "ఆమె ఒక్క గ్లాసు కూడా తీయలేదు" అని రాశారు. మీ ఆయన ఎన్ని తీశారో రాయలేదు. ఇంటర్ చదివే అబ్బాయి సంగతి సరే సరి. కాలేజీకి బైకు నడిపే వయసులో గిన్నె కడగడం రాకుండా పోతుందా?

అందుకని స్నేహితురాలితో మాట్లాడటం కన్నా ముందు మీ ఇంట్లో మాట్లాడాలి. మీ ఆయన్ని "కాస్త సాయం చేయండి" అని అడగొద్దు. సాయమంటే పని మీదే, ఆయన చేతులు అరువిస్తున్నట్టు. రూములు, బండి, లెక్కలు ఈ మూడూ ఈసారి మీవే అని మొత్తంగా అప్పజెప్పండి. ఆయన ఆలస్యం చేస్తారు. నీళ్లకెదురుగా ఉండే రూములు అయిపోతాయి. క్రిస్మస్ సెలవుల వారం కదా, ఆ ఏడాది మీకు కిటికీలోంచి పార్కింగ్ కనిపించొచ్చు. ఒక్కసారి పార్కింగ్ చూడండి, ఫర్వాలేదు.

ఇలా అనడం సులువే. మీరు రాసిన ఇంకో విషయం చూసి నాకు నవ్వొచ్చింది. మూడేళ్ల కింద టిఫిన్ల బాధ్యత స్నేహితురాలికి ఇస్తే ఆమె బ్రెడ్డు, జామ్ తెచ్చిందని, మీ ఆయనకు అవి పడవని, మర్నాటి నుంచి మళ్లీ మీరే ఉప్మా చేశారని రాశారు. నేనూ అదే బాపతు మనిషిని. చాలా ఏళ్లు ఎక్కడికెళ్లినా కుక్కర్ మోసుకెళ్లాను, మోయమని ఎవరూ అడక్కపోయినా. అలా మోస్తే ఒక గొప్ప ఉంటుంది. నేను లేకపోతే వీళ్లకు టీ చుక్క కూడా దొరకదనే గొప్ప. దాని ఖరీదు కూడా మనమే కడతాం. పని వదిలేయాలంటే బ్రెడ్డు జామ్‌ను కూడా ఒప్పుకోవాలి. మీ ఆయన మూడు రోజులు బ్రెడ్డు తింటే చిక్కిపోరు.

మీ స్నేహితురాలికి ఇదంతా కనిపించలేదా అంటే, నిజంగానే కనిపించకపోయి ఉండొచ్చు. చెరువు కింద పొలాలున్న ఊళ్లలో నీరటి ఉంటాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి అన్నీ ఆయన చూసుకుంటాడు. మడి తడిసినన్నాళ్లూ ఆయన పేరు ఎవరికీ గుర్తురాదు. మీరు 9 ఏళ్లు ఒక్క మడి కూడా ఎండనివ్వలేదు. "చెప్పాలా? తనకు కళ్లు లేవా?" అని రాశారు. చెప్పాలి. ఒక్కసారైనా చెప్పాకే, కళ్లుండి చూడలేదని అనే హక్కు వస్తుంది.

ఇక డబ్బు. ఇది నా ఊహ మాత్రమే. వాళ్లాయన వ్యాపారం సరిగా లేదన్నారు. ఆమె "రూములు చూశావా?" అంది, "నేను చూస్తాను" అనలేదు. రూము బుక్ చేసేవాళ్లు ముందే డబ్బు కట్టాలి. కట్టే స్థితి లేనప్పుడు మనిషి ఆ పనికి ముందుకు రాదు. బయటికి అది బద్ధకంలాగా కనిపిస్తుంది. పోయినసారి 6,400 ఇవ్వలేకపోయిన మనిషికి ఇన్ని నెలలు మీకు ఫోన్ చేయడానికి మొహం చెల్లక కూడా ఉండొచ్చు. మీరేమో బోటు దగ్గర అరుపు వల్లే మాట్లాడటం లేదనుకుంటున్నారు. ఆమె మనసులో ఆ రెండూ కలిసే ఉన్నాయేమో.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పని తగ్గాలంటే డబ్బు పెరగాలి, అన్నీ హోటల్ నుంచే తెప్పించుకోవాలి. డబ్బు తగ్గాలంటే పని పెరగాలి. ఇన్నేళ్లూ ఆ రెంటి మధ్య తేడాను మీరు మీ చేతులతో పూడ్చారు. ఎవరికీ తెలియలేదు, మీకు కూడా. ఇకముందు పూడ్చనంటే ఆ తేడా బయటపడుతుంది. దానికి సిద్ధపడే ఏదైనా చేయండి.

ఏమేం చేయొచ్చంటే, మొదటిది ఎప్పటిలాగే మూడు రోజులు వెళ్లడం, పనులు పంచుకుని. ఒక పూట వాళ్లది, ఒక పూట మీది. వాళ్ల పూట మీరు కుర్చీలోంచి లేవకూడదు, ఆకలేసినా సరే. దీనివల్ల మొదటి రోజంతా కొంచెం బిగుసుకుపోయినట్టుంటుంది. ఆయన మళ్లీ హాస్టల్ జోకు వేస్తాడు. వేస్తే మీరూ నవ్వేసి "అవునన్నయ్యా, ఈసారి వార్డెన్ మీరే" అనండి. రెండో రోజుకు సర్దుకుంటుందని నా నమ్మకం. అయితే పంచుకోవడం గురించి ముందే నలుగురికీ తెలిసి ఉండాలి. అక్కడికెళ్లాక చెబితే అలిగినట్టుంటుంది.

రెండోది, ఒక్క రాత్రికి తగ్గించుకోవడం. కుక్కర్ ఇంట్లోనే వదిలేసి, మూడు పూటలా హోటల్ భోజనమే. మూడు రోజుల ఖర్చు ఒక్క రోజులోనే అవ్వదు, మీకు పనీ ఉండదు. వచ్చే దారిలో జంగాలపల్లి దగ్గర తిరిగితే రామప్ప గుడి. 1213 నాటి ఆ గుడి 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వచ్చింది. నీళ్ల మీద తేలే ఇటుకల కథ మీ పాపకు చెప్పొచ్చు. పిల్లలు మాత్రం గొడవ చేస్తారు, వాళ్లకు రెండో రోజే అసలు ఆట మొదలవుతుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. తక్కువ రోజులు ఉన్నామని ఎవరూ నొచ్చుకోరు, ఖర్చు తగ్గిందని ఒకరైనా లోపల ఊపిరి పీల్చుకుంటారు. బాబు కాలేజీ ఫీజులున్నాయి, ఈసారి చిన్నగా కానిద్దాం అని మీరే అనండి. అబద్ధం కూడా కాదు.

పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేద్దామని మీకు అనిపించొచ్చు. మీకు 70 కిలోమీటర్ల పైచిలుకే, వాళ్లకు హైదరాబాద్ నుంచి 200 పైమాట. ముందు రోజు రాత్రికి మీ ఇంట్లో దిగుతారు. రాత్రి వంట, పరుపులు, పొద్దున్నే పులిహోర డబ్బాలు! నేను చెప్పక్కర్లేదు కదా.

ఈ ఏడాదికి మానేయడం కూడా ఒక దారే. తప్పేం లేదు. కాకపోతే కారణం నిజమే చెప్పండి. బాబుకు పరీక్షలున్నాయంటే వాళ్లు వెంటనే నమ్ముతారు, అదే దాంతో ప్రమాదం. వచ్చే ఏడాది సెకండియర్, మళ్లీ అదే కారణం పనికొస్తుంది. మూడో ఏడు ఎవరూ అడగరు. స్నేహాలు ఎక్కువగా అలాగే పోతాయి. "పోయినసారి జరిగింది ఇంకా మనసులో ఉంది, ఈసారి నాకు ఓపిక లేదు" అంటే ఆమె నొచ్చుకుంటుంది, నాలుగు రోజులు మాట్లాడదు. కానీ అప్పుడు మాట్లాడుకోవడానికి ఒక విషయమంటూ ఉంటుంది. జనవరికి వాయిదా వేద్దామనుకుంటే మాత్రం అది మేడారం జాతర ఏడాదేమో చూసుకోండి. జాతర దగ్గరపడ్డాక ములుగు రోడ్డు మీద ప్రశాంతత వెతుక్కోవడం మన వల్ల కాదు.

ఈ నాలుగింటిలో దేనికైనా ముందు మీరిద్దరూ మగవాళ్లు, పిల్లలు లేకుండా ఒక గంట కూర్చోవాలి. బతుకమ్మకు ఆమె పుట్టింటికి వస్తుందని రాశారు, పుట్టిల్లు మీ ఊళ్లోనే. చదువుకునే రోజుల్లో ఇద్దరూ కలిసి చెరువుకు బతుకమ్మలు మోసుకెళ్లేవాళ్లమనీ రాశారు. భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం పూట నడవండి. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే మొహం చూడక్కర్లేదు, కష్టమైన మాటలు కాస్త సులువుగా వస్తాయి. "ఆ రోజు అన్నయ్యను అందరి ముందు అట్ల అనకుండా ఉండాల్సింది. జాకెట్ల దగ్గర మాత్రం నేను తగ్గనే" అని మొదలుపెట్టండి. అరిచినందుకు క్షమాపణ చెప్పొచ్చు, భయపడినందుకు చెప్పొద్దు. గిన్నెల సంగతి కూడా అప్పుడే చెప్పండి. లెక్కపెట్టి చెప్పొద్దు, 9 ఏళ్ల చిట్టా విప్పితే ఎవరైనా తలుపులు మూసుకుంటారు. పోయిన డిసెంబర్‌ది ఒక్కటి చెబితే చాలు.

6,400 సంగతి అదే రోజు ఎత్తకండి. ఎత్తితే మీరు అంతకుముందు అన్నవన్నీ ఆ డబ్బు కోసమే అన్నట్టు వినిపిస్తాయి. వదిలేసుకుంటారా, తర్వాత అడుగుతారా అన్నది మీరూ మీ ఆయనా తేల్చుకోండి. వదిలేస్తే నిజంగా వదిలేయాలి, లోపల వడ్డీ కట్టుకుంటూ కూర్చోకూడదు. అది కుదరదనుకుంటే, డిసెంబర్‌కు చాలా ముందే, ఇద్దరే ఉన్నప్పుడు, "తొందరేం లేదు, వీలున్నప్పుడు" అని ఒక్కసారి అడగడమే మర్యాద.

ఆమె మెసేజ్‌కు ఇంకా జవాబివ్వలేదన్నారు. వారం దాటింది, ఇప్పటికే ఆమె లోపల నలుగుతూ ఉంటుంది. "ఇంకా చూడలేదు. బతుకమ్మకు వస్తున్నావు కదా, మాట్లాడుకుందాం" అని ఇవాళే పెట్టండి. అంతకన్నా పొడుగ్గా రాయొద్దు.

ఈ లోపు పాపను ఒకసారి అడగండి, ఆ రోజు బోటులో తనకు భయమేసిందా, లేక ఒడ్డుకొచ్చాక మీ అరుపుకు భయపడిందా అని. మీ నాలుగు పేజీల్లో ఆ సంగతి ఎక్కడా లేదు.